తలవాకిలి మూసి ఉద్యోగం చేసిన రోజు

ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తున్నానంటే ఎవరూ నమ్మేవారు కాదు. కరోనా సద్దుమణిగి బస్సులూ బడులూ మామూలైపోయినా మా కంపెనీవాళ్లు ఆఫీసు తెరవలేదు. ఎవరింట్లో వాళ్లు ఒక మూల చూసుకొని పని చేసుకోమన్నారు. ఈ మాట విని నా తోటివాళ్లంతా ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక దీపం కొనుక్కొని పనిలో పడ్డారు. నేను అంత సులభంగా పనిలో పడే వంశంలో పుట్టలేదు. (వంశం అనే మాట అప్పట్లో నా నోట ఎంత ధారాళంగా వచ్చేదో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

మాది ఆళ్లగడ్డ. మేం ఉండేది నంద్యాలలో. ఈ రెండు వాక్యాల మధ్యనే మా ఇంటి చరిత్రంతా ఉంది. మా జేజినాయన, అంటే మా నాయన తండ్రి, కాలంలో ఆళ్లగడ్డ చుట్టుపక్కల మా చేలలో నడవడం మొదలుపెడితే కాళ్లు నొప్పి పుట్టేవట. ఆ చేలు ఎలా పోయాయో చెప్పను. అందరిళ్లలో ఎలా పోయాయో మా ఇంట్లోనూ అలాగే పోయాయి. నాయన నంద్యాలలో ఒక విత్తనాల గోదాములో గుమాస్తాగా చేరాడు. ఆ గోదాము యజమాని తండ్రి ఒకప్పుడు మా చేను కౌలుకు చేసినవాడు. నాయన దీన్ని అవమానమనుకోలేదు. ఆయన తరఫున ఆ పని నేను చూసుకునేవాణ్ణి. ఇక నా ఉద్యోగం సంగతి: ఊరూరా సరుకు చేరవేసే ఒక కంపెనీలో, ఏ మూట ఏ ఊళ్లో ఎందుకు ఆగిపోయిందో కనుక్కొని పైవాళ్లకు చెప్పడం. నన్నింకా ఖాయం చేయలేదు. పరీక్షగా కొన్ని నెలలు చూస్తామన్నారు. నాయన ముందుచూపున్న మనిషి. "ఖాయం కాకుంటే దిగులు పడొద్దప్పా, మా ఓనరన్న చెవిన ఏసి పెట్టినా. గోదాములో బిల్లులు రాసేకి మనిషి కావాలంటాండాడు" అని ఓదార్చాడు. ఆ ఓదార్పు విన్న రాత్రి నాకు అన్నం దిగలేదు. మా చేను కౌలుకు చేసినవాళ్ల గోదాములో తండ్రీకొడుకులం చెరో బల్ల దగ్గర కూర్చోవడం ఊహించుకుంటేనే వెన్ను ఇంకాస్త నిటారుగా అయ్యేది.

నంద్యాలలో మా బాడుగ ఇంట్లో రెండే గదులు. ఫ్రిజ్‌కూ అమ్మ కుట్టుమిషనుకూ మధ్య నాకొక చోటు దొరికింది. నేను మాట్లాడే ప్రతిసారీ కుక్కర్ కూత పెట్టేది. ఒకసారి మా పెద్దసారు (హైదరాబాదులో ఉండే మా విభాగం అధికారి, ఆయన్ను అందరం అలాగే పిలిచేవాళ్లం) "మీరు రైల్వే స్టేషన్ నుంచి పని చేస్తున్నారా?" అని అడిగాడు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకొని, ఆళ్లగడ్డలో జేజి, అంటే మా నాయనమ్మ, దగ్గర ఉండి పని చేసుకుంటానని ప్రకటించాను. శిరివెళ్ల దాటుతుండగా బస్సు కిటికీలోంచి చేలు చూస్తూ, ఇవన్నీ మావే అయ్యుంటాయని అనుకున్నాను. (కావు. తరువాత జేజిని అడిగాను.)

ఆళ్లగడ్డ ఇంట్లో మాకు మిగిలింది ముందు పడసాల (స్తంభాల హాలు), వెనక వంటిల్లు, ఒక కొట్టు గది, పెరడు. పక్క భాగం ఒక స్కూలు టీచరమ్మ కుటుంబానికి బాడుగకు ఇచ్చాం. ఆమె చర్చికి తప్పకుండా పోయే మనిషి, జేజికి మంచి స్నేహితురాలు. వాళ్ల భాగానికీ మా పడసాలకూ మధ్య ఒక చిన్న తలుపుంది. దానికి గడియ ఎప్పుడో ఊడిపోయింది, ఇద్దరూ పెట్టించలేదు. ఎదురుగా రోడ్డుకు అవతల రాతి బొమ్మలు చెక్కే షెడ్డు. దాని యజమానిని అందరూ ఉలి మామ అనేవాళ్లు. పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా ఆ షెడ్డులో టకటక మని ఉలి చప్పుడు. కానీ కుక్కర్ కూతతో పోలిస్తే అందులో ఒక హుందాతనం ఉందనిపించింది.

ఇంటి ఆఫీసు సౌకర్యంగా ఎలా అమర్చుకోవాలో చెప్పే వీడియోలు చాలానే చూశాను. వెలుతురు ఎడమ పక్కనుంచి పడాలి, మోచేతులు బల్లకు సమానంగా ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, నడుముకు ఆసరా ఉండాలి అని వాళ్లంతా ముక్తకంఠంతో చెప్పారు. అన్నీ విని, జేజినాయన తేకు కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి. నా పాదాలు నేలకు ఆనకపోతే కింద ఇటుకలు పెట్టాను. వీపు వెనక్కి వాల్చితే మోకాళ్లు ముందుకు రావు, మోకాళ్లు ముందుకు తెస్తే వీపుకు ఆసరా ఉండదు. అందుకని అంచున నిటారుగా కూర్చునేవాణ్ణి. బల్ల బాగా పొట్టిది, దాని మీద ట్రంకుపెట్టె పెట్టి, పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టాను. కానీ నా వెనక తేకు స్తంభాలు, వాటి మధ్య గోడ మీద జేజినాయన తలపాగా ఫొటో, పక్కనే బార్లా తెరిచిన తలవాకిలి. మొదటిరోజు మీటింగులో పెద్దసారు కళ్లు చిట్లించి, "ఎక్కడున్నారు మీరు? ఏదైనా కోటా?" అన్నాడు. సాయంత్రానికి నడుము విరిగినంత పనైనా ఆ ఒక్క మాట కోసం వారం రోజులు ఓర్చుకోవచ్చనిపించింది.

మూడో రోజో నాలుగో రోజో, మీటింగు మధ్యలో ఒక ముసలాయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, స్తంభానికి ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. నేను చేత్తో ఏమిటని సైగ చేస్తే, ఫరవాలేదు కానీయమని ఆయనా చేత్తో సైగ చేశాడు. మీటింగు అయ్యాక అడిగాను.

"ఏం కావాల పెద్దాయనా?"

"ఏం ల్యాప్పా. నువ్వు కుర్చీలో కూచ్చుంటివి గదా. వాకిలి తెరిసి ఉండాది. చెప్పుకుందామని వచ్చినా."

"ఏం చెప్పుకోవాల?"

"మా తమ్ముడు బోరు నీళ్ల వంతు ఇడిసేది లేదంటాడు. నువ్వొక మాట చెప్పల్ల."

వెనక్కి వెళ్లి జేజిని అడిగితే, ఆమె చింతకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే చెప్పింది. "ఆ కుర్చీలో మనిషి ఉండి, తలవాకిలి తెరిసి ఉంటే, ఎవురన్నా వచ్చి చెప్పుకోవచ్చు. మీ జేజినాయన కాలం నుంచి అంతే. కుర్చీ ఖాళీగా ఉంటే ఎవురూ రారు." "మరి నువ్వు ముందే చెప్పలేదే?" "నువ్వు అడగలా. వంశం కుర్చీ అంటివి, నీకు తెలుసనుకుంటి."

అప్పుడే లేచి వేరే చోటికి పోయి ఉంటే ఈ కథ లేదు. పోలేదు. నిజం చెప్పాలంటే లోపలెక్కడో నాకు బాగానే ఉంది. నంద్యాలలో ఎవరూ నన్ను చూసి చెప్పులు విడిచినవాళ్లు లేరు. అన్నదమ్ములిద్దరినీ పిలిపించి, "చెరి సగం" అని తీర్పు చెప్పాను. (వాళ్లు ఇంటికి పోతూ దారిలో కొట్టుకున్నారని తరువాత తెలిసింది. సగం పొద్దున సగమా, రాత్రి సగమా అన్నది నేను చెప్పలేదట.) ఇక చూడండి. ఒకరి తరువాత ఒకరు. మేక పక్కింటి కందిచేను మేసిందని ఒకరు, పెళ్లికి పిలవలేదని ఒకరు. నేను మీటింగులో ఉంటే అందరూ స్తంభాల చుట్టూ కూర్చొని ఎదురుచూసేవాళ్లు. నేను ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, "పైకోర్టు వాళ్లతో మాట్లాడతాండాడు, గమ్మునుండండి" అని ఒకరినొకరు గదమాయించుకునేవాళ్లు. పెద్దసారు మాత్రం, "మీ వెనక ఆ మనుషులెవరు? రోజురోజుకూ పెరుగుతున్నారే?" అని అడగడం మొదలుపెట్టాడు. పని వెనకబడింది. ఆగిపోయిన మూటల సంగతి కంటే మేక సంగతి నాకు ఎక్కువ తెలిసేది.

ఇంతలో కబురొచ్చింది. మరునాడు పొద్దున పదకొండింటికి, నా పని ఎలా ఉందో పెద్దసారూ ఆయన పైవాళ్లూ కలిసి వింటారు. నన్ను ఖాయం చేయడమా, పంపించేయడమా అన్నది ఆ ఒక్క గంటలోనే తేలుతుంది. ఆ మాట చదవగానే నాకు గోదాము బల్ల కళ్ల ముందు కనబడింది. జనాన్ని రావద్దనాలి. కానీ ఎలా? మా ఇంట్లో గడప తొక్కినవాణ్ణి పొమ్మన్న చరిత్ర లేదని నేనే పదిమందికి చెప్పుకున్నవాణ్ణి. పొమ్మనకుండా రాకుండా చేయాలి. బాగా ఆలోచిస్తే ఉపాయం చాలా సులభంగా దొరికింది. తలుపు మూస్తే సరి.

ఉదయం జేజి పెరట్లో మిరపకాయలు ఎండబోస్తుంటే, ఆమెను కదిలించడం ఎందుకని చెప్పకుండా వెళ్లి, ఆ రెండు తలవాకిలి రెక్కలూ బలమంతా పెట్టి దగ్గరకు లాగి, గడియ వేశాను. అవి మూసుకునేటప్పుడు ఏనుగు మూలిగినట్టు పెద్ద చప్పుడైంది. ఆ తలుపులు పగటిపూట మూయరని నాకు తెలుసు. మా ఇంటి తలుపు పొద్దున తెరిస్తే దీపాల వేళదాకా మూసేది లేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. ఎప్పుడు మూస్తారన్నది మాత్రం ఎవరినీ అడగలేదు.

మీటింగు మొదలైంది. అద్భుతంగా మొదలైంది. జనం లేరు, మేక లేదు. నేను చెబుతుంటే అధికారులంతా తలలూపుతున్నారు. కాసేపటికి ఎదురుగా షెడ్డులో ఉలి చప్పుడు కూడా ఆగిపోయింది. ఉలి మామకు ఎంత మర్యాద తెలుసో కదా అనుకున్నాను. బయట ఏదో గుసగుస వినబడింది, పట్టించుకోలేదు. ఆత్మకూరు మూటలు అడవి దారిలో ఎందుకు ఆగుతున్నాయో చెప్పబోతుండగా పక్క తలుపు మెల్లగా తెరుచుకుంది. టీచరమ్మ వచ్చింది. తల మీద కొంగు కప్పుకొని, చేతిలో బైబిలు పట్టుకొని, కళ్లనిండా నీళ్లతో వచ్చి నా పక్కన నిలబడి, నా తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టింది.

ఆత్మకూరు మూటలు అక్కడే ఆగిపోయాయి. (ప్రార్థన చేస్తున్న మనిషి చేతిని తల మీదనుంచి ఎలా తీసేయాలో మా వంశంలో ఎవరూ నేర్పలేదు.) ఆమె వెనకే ఉలి మామ, చేతుల నిండా రాతి పొడితో, తల తువ్వాలు తీసి చంకలో పెట్టుకొని వచ్చాడు. ఆయన వెనక బోరు నీళ్ల అన్నదమ్ములు, ఈసారి ఇద్దరూ కలిసి. తరువాత వీధి వీధంతా. అందరూ స్తంభాల చుట్టూ కూర్చున్నారు. పాల డిపో దగ్గర ఉండే ఒక పెద్దామె కూర్చోవడం కూర్చోవడమే శోకాల రాగం ఎత్తుకుంది. "ఓ పెద్దమ్మా, మమ్మల్ని ఇడిసి యాడికి పోతివమ్మా, మజ్జిగ్గిన్నె నాకెవురు ఇస్తారమ్మా."

"ఏమండీ, ఏం జరిగింది అక్కడ?" అన్నాడు పెద్దసారు.

నేను నోరు తెరిచేలోగా టీచరమ్మ ల్యాప్‌టాప్‌లోకి వంగి, ఆ గాజు మీద ఉన్న అంతమంది మొహాలకూ కలిపి చెప్పింది. "ఈ పిల్లోని జేజి పోయినాదండీ. పిల్లోడు దిమ్మెరపోయి తలుపేసుకొని కూచ్చున్నాడు. ఈనికి మీరన్నా చెప్పండి సార్, ఏడిస్తే గుండె తేలికైతాది."

తెర మీద మొహాలన్నీ ఒక్కసారిగా వంగిపోయాయి. పెద్దసారు గొంతు మారిపోయింది. "అయ్యో. ఇంత దుఃఖంలోనూ మీటింగుకు వచ్చారా మీరు? వద్దండీ. ముందు ఇంటి పని చూసుకోండి. మీ ఉద్యోగం గురించి దిగులు పెట్టుకోకండి, మీలాంటి మనిషిని మేము వదులుకోము" అన్నాడు. మరుక్షణం తెర ఖాళీ అయింది.

అప్పుడు వెనక తలుపులోంచి జేజి వచ్చింది, కొంగులో మిరపకాయలు పోసుకొని. ఆమెకు కాస్త వినికిడి తక్కువ. ఏడుపు మాత్రం ఎంత దూరంలో ఉన్నా వినబడుతుంది. గడపలో నిలబడి అందరినీ ఒకసారి కలయజూసింది.

"ఎవురు పోయినారప్పా?"

ఉలి మామ తువ్వాలు మెల్లగా మళ్లీ తలకు చుట్టుకున్నాడు. రాగం తీస్తున్న ఆమె దాన్ని ఎక్కడ ఆపాలో తెలియక నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"నిన్నే అడుగుతాండేది. ఎవురికి ఏడుస్తాండావు?"

"నీకే పెద్దమ్మా" అంది ఆమె.

"మరి ఆపినావేల? బాగుండాది. మజ్జిగ కాడ ఆపినావు, ఆ తరవాత ఏం చెప్తావో ఇందాం" అని జేజి అక్కడే మిరపకాయలతో సహా చతికిలబడింది.

నవ్వులు మొదలై ఎప్పటికి ఆగాయో చెప్పలేను. టీచరమ్మ మాత్రం జేజి చేతులు పట్టుకొని ఇంకా ఏడుస్తూనే ఉంది, ఈసారి సంతోషానికి. ఆమె చెబితేనే నాకు సంగతి తెలిసింది. ఆ తలవాకిలి పగటిపూట మూయడం ఊరు చూసింది రెండుసార్లే. రెండుసార్లూ ఇంట్లో పెద్దమనిషి పోయినప్పుడు, లోపల స్నానం చేయిస్తుండగా. "తలుపు మూలుగుడు ఇనబడంగానే మా షెడ్డులో ఉలి కింద పెట్టేసినాం" అన్నాడు ఉలి మామ. "నువ్వైనా చెప్పి మూయొద్దా అబ్బోడా? మా అబ్బి అప్పుడే పూలదండకు పోయినాడు."

అందరూ వెళ్లాక తలుపు తెరిచి కూర్చున్నాను. ఉద్యోగం ఖాయమైనట్టే. కాకపోతే జేజి పోయినందుకు ఖాయమైంది. ఊరుకుంటే సరిపోయేది, హైదరాబాదు వాళ్లు వచ్చి చూస్తారా? జేజి పక్కన కూర్చొని తొడిమలు తుంచుతూ, "ఏందప్పా ఆలోచన?" అంది. చెప్పాను. ఆమె కోప్పడలేదు. "నన్ను సంపి ఉద్యోగం తెచ్చుకుంటే, దాన్ని బతికిచ్చుకోనేకి నన్ను దాపెట్టల్ల. ఎన్నాళ్లు దాపెడతావు? వాళ్లు మళ్లా ఫోను చేస్తే నేను దగ్గినా తప్పే గదా" అంది. అబద్ధం మీద నిలబడే కుర్చీలో మాత్రం కూర్చోలేను అనిపించింది. ఈ ఒక్క విషయంలో నా బిగుసుకున్న వెన్ను నాకు పనికొచ్చింది.

ఫోను చేశాను. పెద్దసారు వెంటనే, "ధైర్యంగా ఉండండి" అన్నాడు. "సార్, మా జేజి బతికే ఉంది" అన్నాను. నేను తలుపు సంగతి, కుర్చీ సంగతి, వెనక పెరుగుతూ వచ్చిన మనుషుల సంగతి, మేకతో సహా అంతా చెప్పాను. చెప్పడం పూర్తయ్యాక, అయిపోయింది, గోదామే, అనుకున్నాను. అప్పుడు వినబడింది నవ్వు. ముందు చిన్నగా, తరువాత ఊపిరాడనంతగా. "మేమంతా ఇక్కడ రెండు నిమిషాలు లేచి నిలబడి మౌనం పాటించామయ్యా" అన్నాడు. తేరుకున్నాక గొంతు సవరించుకొని, "నేను ఇందాక ఇచ్చిన మాట లెక్కలోకి రాదు. రేపు పదకొండింటికి మళ్లీ చెప్పండి. మీ కోట చాలా బాగుంది కానీ, నాకు కావలసింది మీ మాట వినబడడం. ఒక తలుపున్న చిన్న గది దొరకదా మీకు?" అన్నాడు.

చిన్న గది ఒకటే ఉంది, కొట్టు గది. గింజలు పోసే గది. గింజలు పోసి చాలా ఏళ్లయినా ఇంకా జొన్నల వాసన పోలేదు. జేజి దాని తలుపు తోసి చూపిస్తే, "ఇందులోనా? జీతగాళ్లు గింజలు కొలిచిన చోట నేను కూర్చోవాలా? మన ఇంట్లో ఎవరన్నా కొట్టులో కూర్చున్నారా?" అన్నాను.

జేజి నన్ను జాలిగా చూసింది. "మీ జేజినాయన మద్యాన్నం పూట యాడ ఉండేవాడనుకున్నావు? ఈడనే. అన్నం తిని, ఆత్మకూరు పోయినాడని చెప్పమని నాకు చెప్పి, ఈ తలుపేసుకొని పండుకునేవాడు. ఆ కుర్చీలో నడుము పట్టుకునేది, జనం బాధ పడలేక తల పట్టుకునేది. ఎవురికీ తెలీదు. నాకే తెలుసు. ఊరికే తలపాగా చుట్టి కూకుంటే సుఖముంటాదా అప్పా?"

గోడ మీద ఫొటో వైపు చూశాను. అంత పెద్ద మీసాలతో ఆయన ఏ ఊరూ పోకుండా, ఈ చల్లటి నాపరాళ్ల మీద తల కింద చెయ్యి పెట్టుకొని, ఊపిరి బిగబట్టి పడుకొని ఉంటాడని తెలిశాక నాలో ఏదో బిగుతు వదిలింది. ఆ సాయంత్రం మేమిద్దరం కలిసి ఆ గది ఊడ్చాం. టీచరమ్మ పిల్లల చదువు బల్ల ఇచ్చింది, సరిగ్గా మోచేతుల ఎత్తులో ఉంది. జేజి ప్లాస్టిక్ కుర్చీ వేస్తే పాదాలు నేలకు ఆనాయి. చిన్న కిటికీ, వెలుతురు ఎడమ పక్కనుంచి. వీడియోల్లో చెప్పినవన్నీ ఏ ఖర్చూ లేకుండా ఆ గదిలోనే ఎదురుచూస్తున్నాయి. గోడలు ఎంత మందమంటే ఉలి చప్పుడు కూడా దూరంగా, పక్క ఊళ్లో చెక్కుతున్నట్టు వినబడేది.

మరునాడు నా వెనక సున్నం గోడ తప్ప ఏమీ కనబడలేదు. పెద్దసారు మొదట, "జేజి కుశలమా?" అని అడిగాడు. పైవాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోలేక కెమెరా మూసుకున్నారు. తరువాత ఆత్మకూరు మూటల సంగతి మొదలుపెట్టి చివరిదాకా చెప్పగలిగాను. మధ్యలో ఎవరూ ఏడవలేదు. వాళ్లు కాసేపు మాట్లాడుకొని, ఖాయం చేస్తున్నామన్నారు. ల్యాప్‌టాప్ మూశాను. నాయనకు ఫోను చేసి చెబితే, ఆయన సరే అన్నాడు, ఊపిరి ఒకటి వదిలాడు, తరువాత మెల్లగా, "మంచిదైందప్పా. నీకు ఈడ సరిపడదని నాకు తెలుసు. నాకే సరిపడ్డానికి శానా కాలం పట్టింది" అన్నాడు. ఆయనకు ఏమీ అనిపించదని అన్నేళ్లూ అనుకున్నవాణ్ణి నేను.

ఫోను పక్కన పెట్టి కుర్చీలోంచి దిగి, ఆ నాపరాళ్ల మీద వెల్లకిలా పడుకున్నాను. వీపంతా నేలకు ఆనింది. ఎన్ని నెలల తరువాతో. బయట ఎవరో వచ్చి నన్ను అడుగుతున్నారు. జేజి గొంతు వినబడింది, ఏమాత్రం తొట్రుపడకుండా: "ఆత్మకూరు పోయినాడు." తల కింద చెయ్యి పెట్టుకొని నిద్రపోతున్న ఆ పిల్లవాణ్ణి ఇప్పుడు తలచుకుంటే, లేపి ఏమైనా చెప్పాలని అనిపించదు. కాసేపు పడుకోనిద్దాం.